ఆవిడకు అసలు సంగతి ఎవరైనా చెప్పారా?

సంపాదకులకు,

మొన్న ఆదివారం అనుబంధంలో ‘సోషల్ ఎక్స్‌పెరిమెంట్’ వీడియోల మీద వ్యాసం వేశారు. ఒకతను నడిరోడ్డు మీద స్పృహ తప్పినట్టు పడిపోతాడు, ఎంతమంది ఆగుతారో దాచిపెట్టిన కెమెరాతో తీస్తారు. వ్యాసకర్త దాన్ని ఏకంగా మనస్తత్వశాస్త్ర ప్రయోగం అనేశారు. ఆ శాస్త్రమే 31 ఏళ్లు పాఠం చెప్పి రిటైరైనదాన్ని, చదివి ఊరుకోబుద్ధి కాలేదు.

అందులో ప్రయోగం ఎక్కడుందండీ? మాసిన బట్టల్లో పడ్డవాణ్ని ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి జనానికి జాలి లేదన్నారు. అదే చోట, అదే వేళకు, శుభ్రమైన బట్టల్లో పడితే ఏమయ్యేదో ఎవరు చూశారు? పోల్చడానికి రెండో గుంపే లేదు. ఏ రోజు ఏ వేషమో చీటీ తీసి తేల్చాలి గానీ కెమెరావాడి ఇష్టానికి వదలకూడదు. ఆగి సాయం చేసినవాళ్ల ముక్కలు ఎడిటింగ్‌లో ఎన్ని ఎగిరిపోయాయో దేవుడికే తెలియాలి. ఇవన్నీ మొదటి ఏడాది పిల్లలు కూడా అడిగేవే.

నన్ను పట్టి కుదిపింది మాత్రం వేరు. ఆగకుండా వెళ్లిపోయిన ఒకావిడ ముఖాన్ని దగ్గరగా చూపించారు, మీరు ఆ ఫొటో కూడా వేశారు. పడిపోయింది నాటకమని ఆవిడకు ఆ తర్వాత ఎవరైనా చెప్పారా? ఒకప్పుడు నేనూ ఇలాగే ఒకరికి చెప్పకుండా వదిలేశాను, అందుకే అడుగుతున్నాను.

ఎమ్మే రెండో ఏడాది ప్రాక్టికల్స్‌కి నేను తీసుకున్న అంశం, ఓడిపోయావని విన్నాక మనిషి తర్వాతి పనిలో ఎంతసేపు పట్టుదలగా నిలబడతాడన్నది. జూనియర్లు 30 మంది వచ్చారు. అక్షరాలు తారుమారు చేసిన పదాలు సరిచేయాలి. సుద్దముక్కల డబ్బాలో మడిచి వేసిన చీటీల్లో ఎవరికి ఏది వస్తే వాళ్లు ఆ గుంపు. 15 మందికి చాలా బాగా చేశారనీ, తక్కిన 15 మందికి సగటు కంటే బాగా తక్కువనీ మార్కుల కాగితం చేతిలో పెట్టాను. ఆ కాగితాలు ముందు రోజు రాత్రే నేను రాసిపెట్టుకున్నవి, వాళ్లు చేసినదానితో వాటికి ఏ సంబంధమూ లేదు. చివర్లో అందరికీ అసలు సంగతి విప్పి చెప్పాలి, దాన్నే డీబ్రీఫింగ్ అంటాం. 29 మందికి చెప్పాను. ఒకమ్మాయి బస్సు వెళ్లిపోతుందని పరుగెత్తింది. రేపు చెబుదాంలే అనుకున్నాను. కావలసిన డేటా చేతికొచ్చేసింది కదా, ఆ రేపు కాస్తా మూడు వారాలైంది.

లైబ్రరీలో కనబడితే, వ్యాసరచన పోటీకి పేరిచ్చావా అని మాటవరసకు అడిగాను. “మాటలతో పని నాకు అచ్చిరాదక్కా, ఆ రోజు నీ పరీక్షలోనే తేలిందిగా” అంది. అవి ఉత్తుత్తి మార్కులని గబగబా చెప్పాను. “ఊరికే ఓదార్చకక్కా” అంది. గదికి పరుగెత్తి, ఆ గుంపు కాగితాల కట్ట తెచ్చి ముందు పెట్టాను. అన్నిటి మీదా ఒకటే అంకె, 7. ఒకే సిరా, నా చేతిరాతే. ఒక్కొక్కటీ తిప్పి చూసి, “నాది మాత్రం నిజంగానే ఏడేమో” అంది. నవ్వుతూనే అంది.

ఆ పిల్ల అమాయకత్వం కాదది. 1975లో అమెరికా మనస్తత్వవేత్త లీ రాస్, ఆయన సహచరులు అచ్చంగా దీన్నే పరీక్షించారు. ఆత్మహత్య లేఖల్లో అసలువేవో నకిలీవేవో గుర్తుపట్టమని అడిగి, కొందరికి బాగా పట్టారనీ కొందరికి పట్టలేకపోయారనీ ముందే అనుకున్న ఫలితాలు చెప్పారు. తర్వాత అవన్నీ కల్పితమని ఒప్పుకున్నారు. అయినా మొదటివాళ్లు తమకు ఆ నేర్పు ఉందనీ, రెండోవాళ్లు లేదనీ అనుకోవడం మానలేదు. ‘నువ్వింతే’ అని వినగానే మనసు పాత ఓటములన్నీ తవ్వుకుని సాక్ష్యం పోగేసుకుంటుంది. మాట వెనక్కి తీసుకున్నా ఆ పోగు అక్కడే ఉంటుంది. రాస్ ప్రయోగంలో కూడా, మనసు ఇలా చేస్తుందని సైతం కూర్చోబెట్టి విడమరిచి చెప్పినప్పుడే ఆ ముద్ర చాలావరకు చెరిగింది. నేను లైబ్రరీలో నిలబడి చెప్పిన రెండు ముక్కలు ఏ మూలకు?

వ్యాసకర్త స్టాన్లీ మిల్‌గ్రామ్‌ని కూడా సాక్ష్యానికి పిలిచారు. పై అధికారి చెబితే మనిషి ఎంతదాకా లోబడతాడో చూడటానికి, అవతలి మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా పెంచుతూ కరెంటు షాకివ్వమని జనానికి చెప్పిన మనస్తత్వవేత్త ఆయన. 1963లో ఆయన ప్రచురించిన ఫలితాల్లో 40 మందిలో 26 మంది 450 వోల్టుల మీట దాకా నొక్కారు. అవతలి మనిషికి నిజంగా షాకు తగలడం లేదని తెలియక, చెమటలు కక్కుతూ నొక్కారు. పాల్గొన్నవాళ్లను ఇలా బాధపెట్టవచ్చా అని మరుసటి ఏడే డయానా బామ్‌రిండ్ అనే మనస్తత్వవేత్త ఆయన్ను నిలదీసింది. తాను పంపిన ప్రశ్నపత్రానికి 84 శాతం మంది పాల్గొన్నందుకు సంతోషమే అని రాశారన్నది ఆయన జవాబు. అడిగింది ఆయనే కాబట్టి ఆ లెక్క మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కానీ ఆయన కనీసం మళ్లీ వాళ్ల దగ్గరికి వెళ్లి, ఎలా ఉన్నారని అడిగాడు. ఈ వీడియోవాళ్లు లైకులు లెక్కపెట్టుకున్నారు.

ఆవిడ ఏ ఆస్పత్రికి పరుగెడుతోందో, వెనకటికి ఎవరికి సాయం చేయబోయి దెబ్బతిందో మనకెవరికీ తెలియదు. ముఖం మసక కూడా చేయని ఆ ఫొటో మీ ఈ-పేపర్లో ఇవాళ పొద్దుటికి కూడా అలాగే ఉంది. ఈ ఉత్తరం వేసినా వేయకపోయినా, ముందు దాన్ని తీసేయండి.

– ఒక విశ్రాంత సైకాలజీ అధ్యాపకురాలు