చెల్లని ఓట్ల మీద నవ్వే ముందు

సంపాదకులకు నమస్కారం.

కరీంనగర్–మెదక్–నిజామాబాద్–ఆదిలాబాద్ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక (2025) ఫలితం వచ్చిన మర్నాడు మీ జిల్లా పేజీలో వేసిన బాక్స్ ఐటం కత్తిరించి పెట్టుకున్నాను. రాయాలా వద్దా అనుకుంటూనే పది రోజులు గడిచాయి. డిగ్రీలు చదివినవాళ్లకు ఓటేయడం రాదట, 28,686 ఓట్లు చెల్లకుండా పోయాయట. పక్కనే నల్ల గౌను, టోపీ పెట్టుకుని వేలిముద్ర వేస్తున్న పట్టభద్రుడి బొమ్మ. మా వీధి చివర టీ హోటల్లో దాన్ని చూసి నవ్వనివాళ్లు లేరు. ఏడో తరగతిలో బడి మానేసిన హోటలాయన అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆయన నవ్వాడంటే అర్థముంది. మీరెందుకు నవ్వారని అడుగుతున్నాను.

నాది 1988 బీకాం. 2007లో శాసనమండలిని మళ్లీ పెట్టినప్పుడు పట్టభద్రుడిగా ఓటు నమోదు చేయించుకున్నాను. 2013లో మళ్లీ చేయించుకున్నాను. 2019లో ఇంకోసారి. ఇప్పుడు నాలుగోసారి. ఈ జాబితా ప్రతి ఎన్నికకూ కొత్తగా రాయాల్సిందేనట, పాతది చిత్తు కాగితమేనట. 1988లో నేను పాసైన మాట 2019లో నిజమైనప్పుడు 2024లో ఎట్లా అనుమానమైందో ఎవరైనా చెబితే బాగుండు. మామూలు ఓటరు జాబితాలో చనిపోయినవాళ్లు కూడా ఏళ్ల తరబడి కదలకుండా ఉంటారు. మేం మాత్రం ఆరేళ్లకోసారి బతికే ఉన్నామని, చదివే ఉన్నామని రుజువు చూపించుకోవాలి.

నమోదుకు 2024 సెప్టెంబర్ 30 నుంచి నవంబర్ 6 దాకా గడువు ఇచ్చారు. ఫారం 18, డిగ్రీ కాపీ, దాని మీద గెజిటెడ్ ఆఫీసర్ సంతకం. బతుకమ్మ, దసరా, దీపావళి అన్నీ ఆ నెల రోజుల్లోనే పడ్డాయి. నేను ఎట్లాగో గట్టెక్కాను. మా ఆవిడ కాగితాలు మాత్రం వెనక్కి వచ్చాయి. ఆధార్‌లో మా ఇంటిపేరు, డిగ్రీ పట్టా మీద పుట్టింటి ఇంటిపేరు. ఆఫీసులో కూర్చున్న అబ్బాయి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి "ఇద్దరూ ఒకరేనని గ్యారంటీ ఏంది మేడం?" అన్నాడు. "పెండ్లికి ముందే చదువుకున్న బిడ్డా, గదే తప్పయింది" అంది మా ఆవిడ. ఆ పిల్లాడికి వెటకారం అర్థమైనట్టు లేదు. అఫిడవిట్ తెమ్మన్నాడు. నోటరీ దగ్గరికి వెళ్లి వచ్చేసరికి గడువు కాస్తా అయిపోయింది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లు ఈ నాలుగు ఉమ్మడి జిల్లాల్లో ఎంతమంది వెనక్కి తిరిగిపోయారో లెక్క ఎవరు తీస్తారు? చెల్లని ఓట్లకు లెక్కుంది, పుట్టని ఓట్లకు లేదు.

మా మేనల్లుడిది ఇంకో కథ. 2022లో బీటెక్ అయిపోయింది. 2024 నవంబర్ 1 నాటికి పట్టా వచ్చి మూడేళ్లు నిండాలట, కాబట్టి వాడికి లేదు. ఇక 2031లోనే. పాసైన తొమ్మిదేళ్లకు వాడు పట్టభద్రుడని ప్రభుత్వం ఒప్పుకుంటుందన్నమాట. పద్దెనిమిది నిండిన పిల్లలకు మామూలు ఓటు ఇవ్వడానికి ఏడాదిలో నాలుగు తేదీలు పెట్టారు, సంతోషం. ఆ బుద్ధి ఇక్కడ ఏమైంది?

ఫారం ఇచ్చిన వారం నుంచే ఫోన్లు మొదలయ్యాయి. ప్రభుత్వానికి ఇచ్చిన నంబర్ వాళ్లందరి చేతికీ ఎట్లా వెళ్లిందో అడిగితే ఎవరూ చెప్పరు. అన్నం ముందు కూర్చుంటే ఫోన్, బండి మీద ఉంటే ఫోన్. రికార్డు చేసిన గొంతు, "మీ మొదటి ప్రాధాన్యత ఓటు మాకే." సరేనయ్యా, ఆ ఓటు ఎట్లా వేయాలో ఒక్క ముక్క చెప్పొచ్చు కదా? పోలింగ్ దాకా నాకు వచ్చిన ఫోన్లలో ఒక్కదాంట్లోనూ ఆ ముక్క లేదు.

ఫిబ్రవరి 27న మా బూత్‌లో చూసింది చెబుతాను. 56 మంది అభ్యర్థులు. బ్యాలెట్ విప్పితే సగం పేపరంత ఉంది. నాకంటే ముందున్న పెద్దాయన, రిటైర్డ్ ఉద్యోగే, లోపలికి వెళ్లి మళ్లీ బయటికి తొంగిచూసి "ముద్ర ఏదమ్మా?" అని అడిగాడు. స్వస్తిక్ ముద్రకు, ఆ తర్వాత మిషన్ మీటకు అలవాటైన చేతులవి. దారం కట్టిన వంకాయ రంగు స్కెచ్ పెన్ను అక్కడే వేలాడుతోంది, ఆయన దాన్ని చూడలేదు. నా వెనకాల కుర్రాడు జేబులోంచి తన జెల్ పెన్ను తీసుకుని లోపలికి పోయాడు. వాడు ఏ నంబర్ వేసినా ఆ ఓటు పోయినట్టే, ఎందుకంటే వాళ్లిచ్చిన పెన్నుతోనే రాయాలి. ఆపే నాథుడు లేడు. సూచనల కాగితం ఉంది, కాదనను. తెరిచిపెట్టిన తలుపు వెనకాల గోడకు అంటించారు.

ఆ కాగితంలో ఏముందంటే, మనకు నచ్చిన వరుసలో అభ్యర్థుల పేర్లకు ఎదురుగా 1, 2, 3 అని అంకె మాత్రమే వేయాలి. టిక్కు పెడితే చెల్లదు, "ఒకటి" అని అక్షరాల్లో రాస్తే చెల్లదు, సంతకం పెడితే అసలే చెల్లదు. 1 ఇద్దరికి వేయకూడదు. 1 లేకుండా 2 వేస్తే అదీ పోతుంది. తమాషా ఏమిటంటే, మన తెలుగు అంకె ౧ వేసినా చెల్లుతుంది! అది రాయడం ఈ కాలంలో ఎందరికి వచ్చు? మా తరంలోనే తెలుగు అంకెలు పంచాంగంలో తప్ప కనిపించేవి కావు. ఇప్పుడు పిల్లలు "ముప్పై ఎనిమిది" అంటే "థర్టీ ఎయిట్ కదా" అని అడిగి నిర్ధారించుకుంటున్నారు. ఆ సంగతి ఇంకోసారి రాస్తాను.

పాఠాలు చెప్పే టీచర్లు ఎన్నుకునే ఎమ్మెల్సీ సీటులో కూడా 897 ఓట్లు చెల్లలేదని మీరే లోపలి పేజీలో చిన్నగా వేశారు. మరి వాళ్లకు బొమ్మ గీయలేదేం?

లెక్కింపు మార్చి 3న మొదలుపెడితే 5వ తేదీ దాకా సాగింది. చెల్లిన ఓట్లు 2,23,343. గెలవాలంటే అందులో సగానికి పైన, అంటే 1,11,672 రావాలి. కిందివాళ్లను ఒక్కొక్కరినే తీసేస్తూ, వాళ్ల ఓట్లలోని రెండో ప్రాధాన్యతలు మిగిలినవాళ్లకు కలుపుకుంటూ పోయినా చివరికి ఆ కోటా ఎవరికీ అందలేదు. ఎక్కువ వచ్చినవారిని గెలిచినట్టు ప్రకటించారు. మొదటి ఇద్దరి మధ్య తేడా ఐదు వేల పైచిలుకు. మూలన పడేసిన కాగితాలు దానికి ఐదింతలకు మించి. ఇది నవ్వే విషయమా?

ఇక గెలిచినవారు ఎవరైనా కానివ్వండి, పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు? 42 అసెంబ్లీ నియోజకవర్గాల నేల అది. ఎంపీకి ఏడు ఉంటేనే మనిషి కనబడడంటాం. ఇది ఆరుగురు ఎంపీలంత. కాగజ్‌నగర్ నుంచి పటాన్‌చెరు దాకా ఒక్కరే. నలభై మంది మండలిలో పట్టభద్రులకు మూడే సీట్లు. రాజ్యాంగం రాసిన రోజుల్లో ఊరికొక డిగ్రీ ఉంటే గొప్ప, అప్పుడు పన్నెండో వంతు సరిపోయింది కాబోలు. ఇప్పుడు మా గల్లీలోనే గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం చూసేవాళ్లు పదకొండు మంది. ఎన్నికలప్పుడు ఫంక్షన్ హాల్లో బిర్యానీ పెట్టి వాళ్లను "మేధావులు" అన్నారు. ఆ మాట మళ్లీ ఆరేళ్లకు గానీ వినబడదు. 1985లో మండలిని రద్దు చేసినప్పుడు మా నాయిన సంబరపడితే నేను వాదించాను. ఇప్పుడాయన ఉంటే నా దగ్గర జవాబు లేదు.

నేను అడిగేది రెండే. ఒకసారి రుజువైన డిగ్రీని రుజువైనట్టే ఉంచి, కొత్తవాళ్లను చేర్చుకుంటూ, పోయినవాళ్లను తీసేసుకుంటూ పొమ్మని ఎన్నికల సంఘానికి మీ సంపాదకీయంలో రాయండి. చట్టం అడ్డొస్తే చట్టమే మార్చమని రాయండి. రెండోది మీ చేతిలోనిదే. వచ్చేసారి పోలింగ్‌కు ముందు మూడు రోజులు మీ పత్రికలో నమూనా బ్యాలెట్ వేయండి, ఫుల్ పేజీ ప్రకటనలకు పోగా మిగిలిన చోటులోనే. మా ఆవిడ అఫిడవిట్ బీరువాలో భద్రంగా ఉంది. 2031లో పనికొస్తుందో, "ఇది పాతది, కొత్తది తెండి" అంటారో చూడాలి.

– ఒక పట్టభద్ర ఓటరు, మెట్‌పల్లి