టోకెను వెనక అచ్చు వేస్తే బాధ్యత తీరదు

సంపాదకులు గారికి నమస్కారం.

కర్నూలుకు కోడుమూరు, గూడూరు వైపు నుంచి బండి మీద వచ్చి, దాన్ని స్టాండులో పెట్టి హైదరాబాదు బస్సెక్కేవాళ్లు రోజూ ఎందరో ఉంటారు. డబ్బు తీసుకుని వాళ్ల చేతిలో పెట్టే టోకెను వెనక ‘వాహనం పోయినా, పాడైనా మాకు సంబంధం లేదు’ అని అచ్చు వేసి ఉంటుంది. గత నెల నగరంలోని ఒక స్టాండులో రెండు రాత్రులు బండి పెట్టి తిరిగి వచ్చేసరికి కుడివైపు అద్దం విరిగి ఉంది, పెట్రోలు రిజర్వుకు దిగింది. ఇదేమిటని అడిగితే, అక్కడి పనివాడు జవాబు చెప్పకుండా టోకెను తిప్పి ఆ వాక్యం మీద వేలు పెట్టాడు.

ఆ వాక్యం చట్టం ముందు నిలుస్తుందా అన్నదే నా సందేహం. ఒక పని నిమిత్తం, అది తీరగానే తిరిగి ఇచ్చే ఒప్పందం మీద వస్తువును ఇంకొకరికి అప్పగిస్తే అది బెయిల్‌మెంటు అని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 148వ సెక్షను చెబుతుంది. (కోర్టు ఇచ్చే బెయిలు వేరు, ఇది వేరు, రెండింటికీ మూలం మాత్రం ‘అప్పగించు’ అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాటే.) దర్జీకి ఇచ్చిన గుడ్డ, మరమ్మతుకు వేసిన మోటారు, బ్యాంకులో తాకట్టు పెట్టిన నగలు అన్నీ ఈ కోవలోవే. మామూలు వివేకం ఉన్న మనిషి అలాంటి సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, అప్పగించుకున్నవాడు అంత జాగ్రత్తా చూపాలని 151వ సెక్షను అంటుంది. అంత జాగ్రత్త పడ్డాక కూడా నష్టం జరిగితే, వేరే ఒప్పందం లేనప్పుడు అతని తప్పు లేదంటుంది 152వ సెక్షను, అది న్యాయమే.

స్టాండువారి వాదన ఒకటి కొట్టిపారేయదగ్గది కాదు. ‘మేము జాగా అద్దెకిచ్చాం, బండిని మా చేతికి తీసుకోలేదు’ అంటారు. 1937లో ఇంగ్లండు అప్పీలు కోర్టు ఒక కారు పార్కింగు వ్యాజ్యంలో ఇలాగే తీర్పు చెప్పింది. అయితే మన స్టాండ్లలో హ్యాండిల్ లాకు వెయ్యవద్దని వాళ్లే చెబుతారు, బండ్లను తమ ఇష్టం వచ్చినట్టు జరుపుతారు, టోకెను ఇవ్వనిదే గేటు దాటనివ్వరు, అది పారేసుకుంటే ఆర్‌సీ చూపించమంటారు. ఇంత అదుపు పెట్టుకుని, అప్పగింత జరగలేదంటే ఎలా?

ఢిల్లీలో ఒక హోటలు సిబ్బందికి తాళాలు ఇచ్చి పార్కు చేయించిన కారు 1998లో పోయింది. ‘యజమాని పూచీ మీదే’ అని చీటీ మీద రాసుకున్నా, తన సిబ్బంది అశ్రద్ధకు హోటలు జవాబు చెప్పుకోవలసిందేనని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. తాళం మన జేబులోనే ఉండే స్టాండుకు ఈ తీర్పు ఉన్నదున్నట్టు వర్తిస్తుందని నేను అనను. కానీ అచ్చు వేసిన ఒక్క వాక్యంతో అశ్రద్ధ మాఫీ కాదన్నది మాత్రం అందులో స్పష్టం.

ఇరవై రూపాయల టోకెను కోసం వినియోగదారుల కమిషనుకు ఎవరూ వెళ్లరు. నేనూ వెళ్లలేదు, అద్దం కొనుక్కున్నాను. కాబట్టి స్టాండు హక్కులను వేలం వేసే సంస్థలే పూనుకోవాలి. టోకెను మీద ఆ వాక్యం ఉండరాదని, ఇప్పుడు గీకుతున్న చివరి నాలుగు అంకెలకు బదులు బండి పూర్తి నంబరు, పెట్టిన తేదీ, వేళ రాయాలని, బండి తీసుకునేటప్పుడే అప్పటికి ఉన్న దెబ్బలు నమోదు చేయాలని వచ్చే టెండరు షరతుల్లో చేర్చవలసిందిగా సంబంధిత అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, కర్నూలు