డబ్బు కట్టి కొన్నవాళ్లకే ఈ శిక్ష ఎందుకు? కేంద్ర వినియోగదారుల వ్యవహారాల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక చిన్న శిక్షణ సంస్థలో గేమ్ డిజైన్ చెబుతాను. డిజిటల్ స్టోర్ల నుంచి కంపెనీలు పాత వీడియో గేములను తీసేస్తున్న విషయం మీద ఇదివరకే అర్జీలు పెట్టుకున్నాను. ఒకదానికి 'పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది, ఏం పరిష్కరించారో అందులో లేదు. ఇంకోచోట ఇది మా పరిధిలోకి రాదన్నారు. గేమ్ అనగానే ఐటీ శాఖ అంటారు. కాపీరైట్ అంటే వాణిజ్య, పరిశ్రమల శాఖకు వెళ్లమంటారు. కొన్న వస్తువు పోయిందంటే మళ్లీ మీ శాఖ పేరే చెబుతారు. ఎటు తిరిగినా మీ గుమ్మానికే చేరుతోంది కాబట్టి నలుగురికీ తెలిసేలా మీకే రాస్తున్నాను.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను మభ్యపెట్టే డార్క్ ప్యాటర్న్స్ మీద 2023 నవంబరు 30న వచ్చిన మార్గదర్శకాల గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. 13 రకాల మాయలను అందులో పేరుపేరునా రాశారు. చదివినప్పుడు నిజంగా సంతోషించాను. కానీ వాటిలో చాలావరకు కొనేటప్పుడు జరిగే మాయలే. డబ్బు కట్టేసి, బిల్లు వచ్చేసి, కొన్నేళ్లు ఆడుకున్నాక ఒకరోజు ఆ వస్తువు పనిచేయడం మానేస్తే ఎవరిని అడగాలి? దానికి అందులో జవాబు దొరకలేదు.

యూబీసాఫ్ట్ అనే గేమ్ కంపెనీ వాళ్ల 'ది క్రూ' సంగతే చూడండి. 2014 డిసెంబరులో వచ్చిన కార్ల రేసింగ్ గేమ్ అది. అమెరికా దేశం మొత్తాన్ని చిన్నది చేసి, ఈ తీరం నుంచి ఆ తీరం దాకా కారులో తిరగనిచ్చింది. ఒక్కరే కూర్చుని ఆడుకునే కథ కూడా అందులో ఉంది. అయినా కంపెనీ సర్వర్‌కు కనెక్ట్ కాకపోతే గేమ్ తెరుచుకోదు. 2023 డిసెంబరు 14న దాన్ని స్టోర్ల నుంచి తీసేశారు. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఆ రోజుతో డిజిటల్‌గా కొన్నవాడికే కాదు, డబ్బా మీద ధర చూసి డిస్కు కొనుక్కున్నవాడికి కూడా ఆ గేమ్ లేకుండా పోయింది. ఆ తర్వాత కొన్నవాళ్ల ఖాతాల్లోంచి లైసెన్సులు కూడా తొలగించారు. కాలిఫోర్నియాలో కొందరు కోర్టుకెక్కితే, మీరు కొన్నది వాడుకునే అనుమతే తప్ప గేమ్ కాదని కంపెనీ వాదించింది. పదేళ్ల కిందట కౌంటర్ దగ్గర డబ్బులు తీసుకునేటప్పుడు ఈ మాట ఇంత స్పష్టంగా ఎందుకు చెప్పలేదు? ఇల్లు అద్దెకిచ్చే యజమాని కూడా అద్దె అని చెప్పి, ఎన్నాళ్లో రాసి, ఖాళీ చేయించే ముందు నోటీసు ఇస్తాడు కదండీ.

మా విద్యార్థి ఒకబ్బాయి ఖమ్మం జిల్లా నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్నాడు. పండగ సేల్‌లో భారీ తగ్గింపు ఉందని ఒక గేమ్ కొన్నాడు. పాకెట్ మనీ దాచుకుని, యూపీఐలో కట్టి, 18 శాతం జీఎస్టీతో సహా రసీదు తీసుకున్నాడు. కొన్ని నెలలకే సర్వర్లు ఆపేస్తున్నామని ప్రకటన వచ్చింది. సేల్ పెట్టేనాటికి ఆ సంగతి కంపెనీకి తెలుసో లేదో నేను చెప్పలేను. తెలిసి ఉంటే అది మోసం కాదా అని మాత్రం అడుగుతున్నాను. కస్టమర్ కేర్‌కు రాస్తే రీఫండ్ గడువు దాటిందన్నారు, నిబంధనలు చదువుకోమన్నారు. ఆ నిబంధనలు ఇంగ్లీషులో పేజీలకు పేజీలు ఉంటాయి. వాటిని ఒప్పుకోకపోతే గేమ్ కొనడానికే వీల్లేదు. పంతొమ్మిదేళ్ల పిల్లాడు వాటిలో దేన్ని కాదనగలడు?

ఈ పిల్లల ముందు తరం ఎలా పెరిగిందో మీకు చెప్పాలి. మా రోజుల్లో అమీర్‌పేట అయినా, గుంటూరు బ్రాడీపేట అయినా గంటకు ఇంతని కట్టి నెట్ సెంటర్లో ఆడినవాళ్లమే అందరం. ఆ సిస్టమ్‌లలో జీటీఏ వైస్ సిటీ గేమ్ ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడిగేవారు కాదు. పైరసీ సీడీలు ఫుట్‌పాత్ మీద దొరికేవి. అసలుది కొనాలంటే డాలర్లలో ధర, దానికో క్రెడిట్ కార్డు. మధ్యతరగతి ఇంట్లో కుదిరే పని కాదు. 2015 చివర్లో గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్ రూపాయల్లో ధరలు పెట్టింది. తర్వాత యూపీఐ వచ్చింది. అప్పటి నుంచి మెల్లగా మా వాళ్లు కొనడం మొదలుపెట్టారు. ఎవరూ బలవంతం చేయలేదు. చేసినవాడి కష్టానికి డబ్బు ఇవ్వాలన్న బుద్ధి పుట్టింది, చేతికందే ధర దొరికింది, కొన్నారు. క్లాసులో నేను మొదటి రోజు చెప్పేది కూడా అదే: రేపు మీరూ గేములు చేసి అమ్ముకోవాలనుకుంటే ఇవాళ ఇంకొకళ్లవి దొంగతనంగా ఆడకండి.

ఇప్పుడు ఆ మాట చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. డబ్బు కట్టి కొన్నవాడి గేమ్ పోతోంది. పైరసీ కాపీ దింపుకున్నవాడి గేమ్ మాత్రం ఏ ఢోకా లేకుండా నడుస్తోంది. 2018 ఏప్రిల్‌లో జీటీఏ 4లో పాటల లైసెన్సు పదేళ్లతో ముగిసిందని అప్‌డేట్ పంపించి, ఎప్పుడో కొన్నవాళ్ల కాపీల్లోంచి కూడా చాలా పాటలు తీసేశారు. పాత సీడీ దాచుకున్నవాడికి, దొంగ కాపీ ఉన్నవాడికి ఆ పాటలు ఇప్పటికీ వినబడుతున్నాయి. నిజాయితీగా ఉన్నవాడే నష్టపోయే ఏర్పాటు ఇది. దీన్ని మీరు ఎలా చూస్తూ ఊరుకుంటున్నారు?

వైస్ సిటీకి కూడా ఇదే గతి పట్టింది. 2021లో కొత్త రూపంలో మళ్లీ అమ్మడానికి పాత మూడు జీటీఏలను స్టోర్ల నుంచి తీసేశారు. కొత్తవి తప్పులతడకగా ఉన్నాయని జనం గోల పెట్టాక జీటీఏ కంపెనీ రాక్‌స్టార్ క్షమాపణ చెప్పి, పాత వాటిని తమ సొంత పీసీ స్టోర్లో తిరిగి పెట్టింది. గోల పెడితేనే తిరిగొచ్చాయి, గమనించండి. అదే ఏడాది సోనీ కూడా తన పాత గేమ్ యంత్రాలైన పీఎస్3, వీటాల స్టోర్లు మూసేస్తామని మార్చిలో ప్రకటించి, అభ్యంతరాలు వచ్చాక ఏప్రిల్‌లో వెనక్కి తగ్గింది. అంటే కంపెనీలు చేయలేక కాదు, గట్టిగా అడిగేవాళ్లు లేకే.

కంపెనీల ఇబ్బంది నాకు తెలియక కాదు. కారు బొమ్మ వాడాలంటే కారు కంపెనీ అనుమతి కావాలి, పాటకు మ్యూజిక్ కంపెనీ అనుమతి కావాలి, వాటన్నిటికీ గడువులుంటాయి. 2018లో వచ్చిన కార్ల రేసింగ్ గేమ్ ఫోర్జా హొరైజన్ 4 అమ్మకాన్ని 2024 డిసెంబరు 15న అందుకే ఆపారు. కానీ ముందుగానే ప్రకటించారు, కొన్నవాళ్లు మళ్లీ డౌన్‌లోడ్ చేసుకునే వీలు ఉంచారు. అలన్ వేక్ అనే గేమ్‌ను పాటల గొడవతో 2017 మేలో తీసేసి, మళ్లీ అనుమతులు తెచ్చుకుని 2018 అక్టోబరులో తిరిగి పెట్టారు. మనసుంటే దారి దొరుకుతుందని వాళ్లే చూపించారు. మిగతా వాళ్లను కూడా ఆ దారిలో నడిపించమని అడగడం అత్యాశా?

ఇక పాఠం చెప్పడంలో నా కష్టం. సినిమా పాఠం చెప్పేవాడు సినిమా వేసి చూపిస్తాడు. గేమ్‌ను చూపిస్తే సరిపోదు, చేతిలో పెట్టి ఆడించాలి. ఎక్కడ భయపడ్డావు, ఎక్కడ విసుగొచ్చింది, తలుపు తియ్యాలని నీకెందుకు అనిపించింది అని అడగాలంటే పిల్లవాడు ఆడి ఉండాలి. కొనామీ కంపెనీ 2014లో ఇచ్చిన 'పీ.టీ.' అనే చిన్న డెమోలో ఒకే మలుపున్న నడవాలో పదేపదే నడుస్తుంటే గుండె దడదడలాడుతుంది. తక్కువ ఖర్చుతో భయం పుట్టించడానికి అంతకంటే మంచి పాఠం నాకు తెలియదు. 2015లో దాన్ని తీసేశారు. ఇప్పుడు నేను దాని వీడియో చూపిస్తున్నాను. వీడియోలో భయం లేదు, వేరేవాడు భయపడటం మాత్రం ఉంది. పిల్లలు చేతులెత్తి అడుగుతారు, "సార్, ఎక్కడైనా దొరుకుతుందా?" అని. చట్టప్రకారం దొరకదు అనే నేను చెప్పాలి. దొరికే చోటు వాళ్లకు నాకంటే బాగా తెలుసు. నేను మౌనంగా ఉంటాను. ఒక గురువును ఈ స్థితిలో నిలబెట్టకండి.

ఇది నా ఒక్కడి ఏడుపు కాదు. అమెరికాలో 2010కి ముందు వచ్చిన పాత గేముల్లో 87 శాతం ఇవాళ మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. 2024 జూలై 29న మైక్రోసాఫ్ట్ పాత గేమ్ యంత్రం ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ మూతపడింది. మన దగ్గర అలాంటి లెక్క తీసినవాళ్లను నేను చూడలేదు. తెలుగు సినిమాల పేర్లతో బటన్ ఫోన్లకు వచ్చిన గేములను ఆపరేటర్లు బ్యాలెన్సులోంచి డబ్బు కోసుకుని అమ్మారు. అవి ఎవరి దగ్గరున్నాయి? చేసిన కుర్రాళ్లే ఇవాళ తమ మొదటి పని చూపించలేకపోతున్నారు. తొలి తెలుగు మూకీ సినిమాలు పోగొట్టుకుని ఇప్పటికీ బాధపడుతున్నాం. మళ్లీ అదే పొరపాటు కళ్లెదుట జరుగుతోంది.

చట్టం లేదా అంటే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయమైన ఒప్పందం అంటే ఏమిటో సెక్షన్ 2(46) చెబుతోంది. సరైన కారణం లేకుండా ఒక పక్షం తనంతట తానే ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలుంటే అది అన్యాయమే అంటోంది. మరి ఈ గేముల నిబంధనల్లో ఉన్నది అదే కదా? కానీ అన్యాయమైన ఒప్పందం మీద ఫిర్యాదు జిల్లా కమిషన్ వినదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ఎనిమిది వందల రూపాయల గేమ్ కోసం, విదేశంలో ఉన్న కంపెనీ మీద, హాస్టల్ కుర్రాడు రాష్ట్ర కమిషన్‌లో పోరాడాలా? దీన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థే సొంతంగా చేపట్టవచ్చు. ఆ అధికారం ఆ సంస్థకు మీ చట్టమే ఇచ్చింది. ఒక్కసారి వాడమనండి.

కాపీరైట్ చట్టం మీ చేతిలో లేదని తెలుసు. అయినా చెప్పుకోవాలి. సెక్షన్ 52(1)(n) ప్రకారం ప్రజా గ్రంథాలయం ఒక రచనను భద్రపరచడానికి కంప్యూటర్లో దాచుకోవచ్చు, అయితే దాని దగ్గర అప్పటికే డిజిటల్ కాని ప్రతి ఉండాలి. పుట్టుకే డిజిటల్ అయిన గేమ్‌కు అలాంటి ప్రతి ఎక్కడి నుంచి తేవాలి? 1954 చట్టం ప్రకారం ప్రతి పుస్తకం కాపీ ఒకటి కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి చేరుతుంది. గేముకు అలాంటి ఇల్లు లేదు. సహచర మంత్రులతో మీరు మాట్లాడితే చాలు, ఈ చిన్న సవరణ కష్టం కాదు. ఆన్‌లైన్ గేమింగ్ మీద 2025లో పార్లమెంటు చట్టమే చేసింది. డబ్బు పందేల గురించి అంత పట్టుదల చూపినవాళ్లు డబ్బు కట్టి గేమ్ కొన్నవాడి గురించి ఒక్క వాక్యమైనా రాయలేదు.

బయట దేశాలు కదిలాయి. అమ్మేది లైసెన్సు మాత్రమే అయితే ఆ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియా చట్టం చేసింది, 2025 జనవరి నుంచి అది అమల్లో ఉంది. సర్వర్లు ఆపేసినా గేమ్ ఆడగలిగే స్థితిలో వదలాలంటూ యూరప్‌లో 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' పేరుతో పది లక్షలకు పైగా సంతకాలు చేశారు. బ్రిటన్ పార్లమెంటులో దీనిమీద చర్చ జరిగింది. మన దగ్గర ఇంతమంది ఆడేవాళ్లున్నారు, ఏవీజీసీ (యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్స్) టాస్క్‌ఫోర్సులు ఉన్నాయి, తెలంగాణలో 2016 నుంచే గేమింగ్‌కు పాలసీ ఉంది. కొనేవాడి గోడు వినే నాథుడే లేడు.

దయచేసి వినండి. కొనేచోటే, ధర పక్కనే, తెలుగులో కూడా, ఇది శాశ్వతమా కాదా, ఎన్నాళ్లు నడుస్తుందో రాయించండి. తీసేయడానికి కొన్ని నెలల ముందే నోటీసు ఇప్పించండి. ఆపేయబోయే గేమ్‌ను సేల్‌లో పెట్టి అమ్మకుండా ఆపండి. ఒక్కరే ఆడుకునే గేమ్‌కు సర్వర్ తాడు తెంచి, ఆఫ్‌లైన్‌లో ఆడేలా చివరి అప్‌డేట్ ఇవ్వమనండి. లేదంటే డబ్బు వెనక్కి ఇప్పించండి. ఇవన్నీ ఒకేసారి కుదరకపోతే కనీసం ధర పక్కన ఆ ఒక్క వాక్యం రాయించండి. మా వాళ్లు చదువుకుని నిర్ణయించుకుంటారు.

ఖమ్మం కుర్రాడి రసీదు, కస్టమర్ కేర్ జవాబు ఈ లేఖతో పాటు మీ కార్యాలయానికి పంపుతున్నాను. అతను ఎక్కడ ఫిర్యాదు చేయాలో, ఏ సెక్షన్ కింద చేయాలో రాతపూర్వకంగా చెప్పమని కోరుతున్నాను. 'పరిష్కరించబడింది' అన్న మెసేజ్ మాత్రం దయచేసి మళ్లీ పంపించకండి.

ఇట్లు,
గేమ్ డిజైన్ అధ్యాపకుడు,
హైదరాబాద్