చీటీలో మందు అసలు పేరు రాయించుకోండి

సంపాదకులకు,

ఇచ్ఛాపురం, పాతపట్నం, సాలూరు వైపు నుంచి మానసిక వైద్యానికి విశాఖ వెళ్లే కుటుంబాలు డాక్టరు ఫీజు ఒక్కటే లెక్క వేసుకుంటాయి. ఇంటిని కుంగదీసేది అది కాదు. తోడు వెళ్లిన మనిషికి పోయిన కూలి, ఇద్దరి బస్సు చార్జీలు, నెలనెలా కొనే మందులు. కుంగుబాటు మందు పనిచేయడం మొదలవ్వడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తగ్గాక కూడా, మొదటిసారి వచ్చిన జబ్బయినా సరే, కనీసం 6 నెలలు వాడాలి. "తగ్గిపోయింది కదా" అని మధ్యలో ఆపేస్తే జబ్బు తిరగబెట్టి, మళ్లీ మొదటికొస్తుంది. అందుకే తొలిరోజే "ఎన్నాళ్లు వాడాలి?" అని అడిగి, ఏడాది ఖర్చు కట్టుకోవాలి.

ఎక్కువ డబ్బు మిగిలేది మందుల చీటీ దగ్గర. మానసిక జబ్బులకు రాసే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, ఒలాంజపిన్, రిస్పెరిడోన్ అన్నీ పాత మందులే, ఎన్నో కంపెనీలు తయారు చేస్తున్నాయి. చీటీలో కంపెనీ పేరుతో పాటు జెనరిక్ పేరు, అంటే మందు అసలు పేరు కూడా రాయమని అడగండి. అది ఉంటే జన ఔషధి దుకాణంలో అదే మందు చాలాసార్లు సగం కంటే తక్కువకు వస్తుంది. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. పేరు చివర ఈఆర్, సీఆర్ అక్షరాలున్న మాత్రకు బదులు మామూలు మాత్ర తీసుకోకూడదు, ఒంట్లో కరిగే తీరు వేరు. ఎస్సిటలోప్రామ్, క్లోనజెపామ్ కలిపిన మాత్ర రాస్తే విడివిడిగా ఇవ్వమనండి. క్లోనజెపామ్ అలవాటు పడే మందు. కొన్ని వారాల్లో మెల్లగా తగ్గించి ఆపాలి. రెండూ ఒకే మాత్రలో ఉంటే ఒకదాన్ని తగ్గించేదెలా?

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్లకు ఇంకొక మాట. మనసు కొన్నాళ్లు ఉప్పొంగి, కొన్నాళ్లు కుంగిపోయే బైపోలార్ జబ్బుకి లిథియం చవకైన, మంచి మందు. కానీ అది బయటికి పోయేది మూత్రపిండాల ద్వారానే. మొదలుపెట్టే ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించాలి, తర్వాత ఆరు నెలలకోసారి. ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగకపోయినా, ఒళ్లు నొప్పులకని డైక్లోఫెనాక్ మింగినా రక్తంలో లిథియం ప్రమాదకరంగా పెరుగుతుంది. లిథియం స్థాయి పరీక్షకు రక్తం ఇవ్వాల్సింది చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు. పొద్దున మాత్ర మింగేసి వెళ్తే అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది, పరీక్ష డబ్బులు రెండోసారి కట్టాలి.

2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 18వ సెక్షన్ ప్రకారం అత్యావశ్యక మందుల జాబితాలోనివి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి చికిత్స కూడా ఉచితమే. మందు లేదంటే అర్జీ కాగితం మీద రాసిచ్చి రసీదు తీసుకోండి, నోటిమాటకు విలువ లేదు. అడ్మిషన్ అవసరమైతే విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరును ఎగతాళికి వాడే మన అలవాటు వల్ల అక్కడికి వెళ్లడానికి సిగ్గుపడి, ప్రైవేటులో అప్పుల పాలైన ఇళ్లు తక్కువేం కాదు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ ఉచితం, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రి అయినా ఎత్తుతారు.

దీర్ఘకాలిక జబ్బయితే సదరం ధ్రువపత్రానికి స్లాటు పెట్టుకోవచ్చు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే పింఛను అర్హతకు అదే ఆధారం. జబ్బు ఎన్నాళ్లుగా ఉందన్నదీ లెక్కలోకి వస్తుంది కనుక పాత చీటీలు పారేయొద్దు. బీమా ఉన్నవారికి ఆసుపత్రిలో చేరితే మానసిక జబ్బుకీ కవరు ఉండాలి. ఓపీ ఖర్చులు మాత్రం చాలా పాలసీల్లో రావు. క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెలలో జవాబు రాకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి, రుసుము ఉండదు.

జిల్లా వైద్యాధికారులకు ఒక విన్నపం. ఒకసారి మందు కుదిరిన రోగికి ప్రతినెలా జిల్లా కేంద్రానికి రమ్మనకుండా, పలాస, రాజాం లాంటి చోట్ల నెలకు సరిపడా మాత్రలు ఇప్పించండి. మీ పత్రిక కూడా మా జిల్లాల్లో మానసిక వైద్యుడి ఓపీ ఏ ఆసుపత్రిలో ఏ రోజు ఉంటుందో వారానికోసారి వేస్తే, తలుపు మూసి ఉండి వెనక్కి తిరిగే ప్రయాణం ఖర్చు చాలామందికి తప్పుతుంది.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు, నరసన్నపేట