ప్రయోగమైతే బాగోలేదు అనకూడదా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేపర్లో అమెరికా హెవీ మెటల్ (గట్టిగా మోగే గిటార్లు, డ్రమ్ముల రాక్ సంగీతం) బ్యాండ్ మెటాలికా వాళ్లు రాక్ గాయకుడు లూ రీడ్‌తో కలిసి చేసిన లులు ఆల్బమ్ గురించి వేసిన వ్యాసం చదివానండి. తెలుగు పేపర్లో మెటల్ గురించి అరపేజీ రావడమే గొప్ప, అందుకు థాంక్స్. కానీ 2011లో ఆ ఆల్బమ్‌ని తిట్టినోళ్లంతా పాత పాటలే మళ్లీ మళ్లీ కావాలనే బాపతు, ప్రయోగాన్ని వినే చెవి లేనోళ్లు అని తేల్చేశారు చూడండి, అది మాత్రం అస్సలు నచ్చలేదు. అప్పుడు తిట్టినోళ్లలో నేనూ ఉన్నాను, ఇప్పుడూ అదే మాట మీద ఉన్నాను.

మాది విజయనగరం. ప్రయోగాలు మాకు కొత్తేటండీ? 1919లో పెట్టిన సంగీత కాలేజీ ఉన్న ఊరిది. ఆదిభట్ల నారాయణదాసు గారు ఒకేసారి చేతులతో ఒక తాళం కాళ్లతో ఇంకో తాళం వేస్తూ పాడేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు, ద్వారం వెంకటస్వామినాయుడు గారైతే పక్కవాయిద్యంగా ఉండే వయొలిన్‌ని స్టేజీ మధ్యలోకి తెచ్చి సోలో కచేరీలు చేశారు, అసలు ఆ వయొలినే మనది కాదు. ఇదంతా ప్రయోగం కాకపోతే మరేటి?

మెటాలికా ప్రయోగాలకీ మేం మొహం తిప్పుకోలేదు. 1999లో శాన్ ఫ్రాన్సిస్కో సింఫనీతో ఎస్ అండ్ ఎమ్ అనే లైవ్ ఆల్బమ్ చేశారు కదా, కంపోజర్ మైకేల్ కేమెన్ ఆర్కెస్ట్రాకి రాసింది వింటే గిటార్లు ఎక్కడ తగ్గాలో వయొలిన్లు ఎక్కడ లేవాలో తెలిసి రాశాడని అర్థమైపోద్ది. 2003లో సెయింట్ యాంగర్ ఆల్బమ్ వచ్చింది, ఒక్క గిటార్ సోలో లేదు, ఆ స్నేర్ డ్రమ్ము స్టీలు బిందె మీద గరిటెతో కొట్టినట్టుంటది, అయినా దాన్నీ భరించాం, ఎందుకంటే అందులో వాళ్ల కోపం నిజమని తెలుస్తుంది.

లులు గొడవ వేరు. జర్మన్ రచయిత వెడెకిండ్ రాసిన లులు నాటకాల మీద లూ రీడ్ రాసుకున్న పాటలవి, రెండు సీడీలు, దాదాపు 87 నిమిషాలు. కథతో నాకు పేచీ లేదు. ఆయన పాడడు, చదువుతాడు, ఆయన పాత బ్యాండ్ వెల్వెట్ అండర్‌గ్రౌండ్ రోజుల నుంచీ అదే స్టైలు, అదీ సరే. కానీ ఆయన మానాన ఆయన చదువుకుంటా పోతుంటే మెటాలికా వాళ్ల మానాన వాళ్లు ఒకే రిఫ్‌ని (గిటార్ మీద మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ముక్కని) తిప్పి తిప్పి కొడుతుంటారు, ఒకరి కోసం ఒకరు ఆగరు. ద వ్యూ పాటలో మెటాలికా గాయకుడు హెట్‌ఫీల్డ్ గొంతు చించుకుని నేనే టేబుల్‌ని అని అరుస్తాడు, అంత సీరియస్ పాటలో నవ్వొస్తే అది వినేవాడి తప్పా చెప్పండి. ఆఖరి పాట జూనియర్ డాడ్ 19 నిమిషాల పైనే, మాటలు ఎప్పుడో అయిపోతాయి, తర్వాత నిమిషాల తరబడి తీగల మోత ఒక్కటే సాగుతుంటది, మా అమ్మ వంటింట్లోంచి "ఏట్రా అది, స్పీకరు పాడైపోనాదేటి?" అని అడిగింది. అయితే ఆ పాట మొదటి సగం మాత్రం బాగుంటదండి, కాదనను. ఆయన గొంతులో వయసు తెలుస్తుంది, గిటార్లు కూడా నెమ్మదించి ఆయన మాట వింటాయి. మిగతా పాటల్లో లేనిది అదే.

ఇంకో సంగతి మీ వ్యాసంలో రాలేదు. 2011 అక్టోబర్ 28న గుర్గావ్‌లో మెటాలికా షో ఆగిపోయి జనం స్టేజీ విరగ్గొట్టేశారు, 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో జరిగింది, ఇండియాలో వాళ్ల మొదటి షో అదే. మా వైపు కుర్రాళ్లు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లారు (మెటల్ షోకి ఆ పేరున్న బండిలో వెళ్లడం మీద ఇప్పటికీ జోకులే). 1981 నుంచి ఉన్న బ్యాండ్ ఇన్నేళ్లకి మన దేశం వచ్చిందన్న ఊపులో ఉంటే మర్నాడే, 31న, ఈ ఆల్బమ్ వచ్చింది. ఆ ఊపులో డబ్బులు పెట్టి కొన్నోడికి ఎలాగుంటదో ఆలోచించండి.

లులుని బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బౌవీ మెచ్చుకున్నాడని రాశారు. నిజమే, 2015లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ (రాక్ సంగీతకారుల్ని గౌరవించే సంస్థ) ఫంక్షన్లో లూ రీడ్ భార్య లారీ ఆండర్సన్ ఆ సంగతి చెప్పింది. బౌవీకి నచ్చితే బౌవీకి నచ్చినట్టు. అంతటోడికి నచ్చింది కాబట్టి నచ్చనోడికి చెవి లేదంటే ఎలాగండీ?

ఇలాంటి వ్యాసాలు ఇంకా వెయ్యండి, వద్దనట్లేదు. కాకపోతే రాసేటాయన ఆ 87 నిమిషాలూ కూర్చుని విన్నారా, మధ్యలో ఫార్వర్డ్ కొట్టారా అన్నది కూడా ఒక లైను రాయమనండి.

ఇట్లు,
ఒక మెటల్ శ్రోత,
విజయనగరం