రోడ్డు మీది గీతలనూ నేర్పండి

సంపాదకులకు,

లెర్నర్ పరీక్షకు సైన్‌బోర్డుల బొమ్మలు బట్టీ పట్టి, ఆ తర్వాత ట్రాకు మీద ‘8’, ‘హెచ్’ తిప్పి చూపించి లైసెన్సు తెచ్చుకుంటున్నారు. రోడ్డు మీద గీసిన గీతల సంగతి మాత్రం చాలా డ్రైవింగ్ స్కూళ్లలో ఎవరూ ఎత్తరు. కొత్తగా స్టీరింగ్ పట్టిన మీ పాఠకుల కోసం ఈ ఉత్తరం.

డివైడర్ లేని రెండు వరుసల రోడ్డుతో మొదలుపెడదాం. మధ్యగీత ముక్కలుగా ఉంటే, ఎదురుగా ఖాళీ ఉన్నప్పుడు దాటి ఓవర్‌టేక్ చేయొచ్చు. ముక్కలు పొడుగై, నడుమ ఖాళీలు కురచ అవుతున్నాయంటే ముందు మలుపో మిట్టో ఉందని అర్థం. ఓవర్‌టేక్ మొదలుపెట్టి ఉంటే ముగించండి, లేకుంటే ఆ ఆలోచనే మానుకోండి. ఎక్కడా తెగని గీత అయితే దాటకూడదు. పక్కపక్కన రెండు గీతలుండి, ఒకటి తెగనిది, ఒకటి ముక్కలది అయితే మీ వైపున్నదే మీకు వర్తిస్తుంది. ఎదుటివాడు దాటుతున్నాడు కదా అని మీరూ దాటితే తప్పు మీదే.

‘రోడ్డంతా ఖాళీగా ఉంటే గీతతో పనేంటి?’ అని చాలామంది అడుగుతారు. మిట్టకు ఇవతల రోడ్డు ఎప్పుడూ ఖాళీగానే కనిపిస్తుంది, వచ్చే లారీ అవతల ఉంటుంది మరి. చూపు ఎంత దూరం ఆనుతుందో లెక్క చూసుకునే అక్కడ తెగని గీత వేస్తారు. ఒక లెక్క చూడండి. ముందు లారీ 50 కిలోమీటర్ల వేగంతో పోతోంది, మీరు 70లో ఉన్నారు. రెండింటి మధ్య తేడా సెకనుకు ఐదున్నర మీటర్లే. లారీ పొడవు, కారు పొడవు, ముందూ వెనకా వదలాల్సిన ఖాళీ కలిపి 55 మీటర్లనుకున్నా పది సెకన్లు పడుతుంది. ఆ పది సెకన్లలో మీరు 194 మీటర్లు వెళ్తారు. ఎదురుగా 70లో వచ్చే బండీ అంతే దూరం వస్తుంది. అంటే దాదాపు 400 మీటర్ల ఖాళీ రోడ్డు కళ్లకు కనిపిస్తేనే కుడికి తీయాలి.

హైదరాబాద్–విజయవాడ రహదారి లాంటి నాలుగు వరుసల రోడ్డు మీద ఎడమ లేన్‌లో నడపాలి. కుడి లేన్ ఓవర్‌టేక్ చేయడానికి. పని కాగానే మళ్లీ ఎడమకు రావాలి. కుడి లేన్‌లో తీరిగ్గా పోయే లారీని విసుగెత్తి ఎడమవైపు నుంచి దాటేవాళ్లు ఒకటి గమనించాలి. లారీ డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు, ఎడమ పక్కన చాలా మేర అతనికి కనిపించదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక్కో వైపు నాలుగు లేన్లు. కుడివైపు రెండూ 100 నుంచి 120 వేగంతో వెళ్లేవారివి, నెమ్మదిగా వెళ్లేవారికి ఎడమవైపు రెండు. ఎగ్జిట్ దగ్గర ఏటవాలు చారలు గీసిన మూడు మూలల జాగా బండ్లు ఆపుకోవడానికీ, ఆఖరి క్షణంలో అడ్డంగా కోసుకుపోవడానికీ కాదు. ఎగ్జిట్ దాటిపోతే తర్వాతి దాంట్లో దిగండి. రివర్స్ గేరు మాట తలపెట్టొద్దు.

లేన్ మారేటప్పుడు ముందు అద్దాలు చూడాలి. ఇండికేటర్ వేసి కనీసం మూడు సెకన్లు ఆగాలి. అద్దంలో పడని బైకు పక్కనే ఉండొచ్చు కాబట్టి ఒక్కసారి తల తిప్పి చూసి, అప్పుడు ఒకే లేన్ మారాలి. లేన్‌లోనే నడపాలనీ, సిగ్నల్ ఇచ్చాకే మారాలనీ చట్టమూ చెబుతోంది.

కూడళ్ల దగ్గర లేన్‌లో బాణం గుర్తు ఉంటుంది. సిగ్నల్‌కు చేరువలో లేన్ గీత తెగకుండా సాగుతుంది. అక్కడి నుంచి లేన్ మారడం కుదరదు, బాణం చూసుకుని ముందే సర్దుకోవాలి. బండి ముందు భాగం కూడా స్టాప్ లైన్‌కు ఇవతలే ఆగాలి, జీబ్రా మీద కాదు. ఫ్రీ లెఫ్ట్ ఉన్నచోట నేరుగా వెళ్లే బండి ఎడమ లేన్‌లో నిలబడితే వెనక వరసంతా ఆగిపోతుంది. కూడలి మధ్య గీసిన పసుపు గళ్ల పెట్టెలోకి, అవతల మీ బండికి చోటుంటేనే దిగాలి, పచ్చలైటు ఉన్నా సరే. ఇంకో మాట. నేరుగా వెళ్తున్నామని చెప్పడానికి నాలుగు ఇండికేటర్లూ వేసే అలవాటు మన దగ్గర బాగా పాకింది. పక్కరోడ్డు నుంచి చూసేవాడికి ఒకవైపు లైట్లే కనిపిస్తాయి. మీరు అటే తిరుగుతున్నారనుకుని ముందుకొస్తాడు.

అధికారుల బాధ్యతా ఉంది. తారు కొత్తగా పోశాక గీతలు వేయకుండా రోడ్డు వదిలేస్తే డ్రైవరును తప్పుపట్టి లాభం లేదు. వేసే గీతలో గాజుపూసలు కలిస్తేనే రాత్రి హెడ్‌లైట్‌కు బాగా మెరుస్తుంది. రవాణా శాఖ పరీక్ష ట్రాకులో కూడా ఒక లేన్ మార్పు, ఒక స్టాప్ లైన్, బాణాలున్న ఒక కూడలి పెట్టి మార్కులు వేస్తే, స్కూళ్లు వీటిని మర్నాటి నుంచే నేర్పుతాయి.

— డ్రైవింగ్ శిక్షకులు, హైదరాబాద్