నాయనమ్మ మెడ మీది నల్లపట్టీ

అమ్ములూ,

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది. నువ్వు ఆదివారం పంపిన ఫొటో చూశాను. మీ ఊరు షార్లట్స్‌విల్‌లో ప్రెస్టన్ అవెన్యూ పక్కన నిలబెట్టిన బోర్డు మీద ‘బక్ వర్సెస్ బెల్’ అన్న కోర్టు కేసు పేరు చదివి, ‘ఈ క్యారీ బక్ ఎవరో నీకు తెలుసా నాన్నా’ అని అడిగావు. తెలుసమ్మా. ఫోనులోనే చెప్పబోయి ఆగిపోయాను. ఆమె కథ చెప్పాలంటే నేను నీకు ఇంతవరకు చెప్పని మన ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. అది ఫోనులో చెప్పేది కాదు.

ముందు గదిలో నాయనమ్మ ఫొటో గుర్తుంది కదా. కొంగును మెడ చుట్టూ తిప్పి కప్పుకుని కూర్చుని ఉంటుంది. ‘నాయనమ్మకు చలేస్తోందా’ అని నువ్వు చిన్నప్పుడు అడిగావు. నేను మాట మార్చాను.

1969 వేసవి. నేను ఆరో తరగతికి వెళ్లబోతున్నాను. మా అమ్మ, అంటే మీ నాయనమ్మ, మెడ చుట్టూ నల్లటి పట్టీ ఒకటి వచ్చింది. నగ వేసుకున్నట్టు గుండ్రంగా, కాలిన చర్మంలా నల్లగా, ఎండిన చెరువు అడుగులా పగుళ్లు తేలి ఉండేది. ముంజేతుల మీద కూడా అంతే. రవిక చేయి మొదలయ్యే చోట గీత గీసినట్టు ఆగిపోయేది. నోరంతా పూత, విరేచనాలు. తర్వాత రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. పొయ్యి ముందు కూర్చుని ఎవరితోనో మాట్లాడేది. ఒకరోజు నన్ను చూసి ‘నువ్వెవరి పిల్లాడివి’ అని అడిగింది. ఆ మాట ఇన్నేళ్లయినా నా చెవిలోంచి పోలేదు.

మా అమ్మమ్మకు కూడా అదే రోగమట. ఆ ఏడు అక్కకు, అంటే మీ పెద్దత్తకు, చేతుల మీద మచ్చలు మొదలయ్యాయి. తల్లి, కూతురు, మనవరాలు. ఇక ఊరికి కావలసింది ఏముంది? ‘వాళ్ల రక్తంలోనే ఉంది’ అన్నారు. అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూసి సంబంధం కలుపుకునే రోజులవి. అక్కకు కుదిరిన సంబంధం వాళ్లు బావి దగ్గర నలుగురిని విచారించి, మా గడప తొక్కకుండానే వెనక్కి వెళ్లిపోయారు. నాన్న ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఆ రోగం పేరు పెల్లాగ్రా. ఆ పేరు మాకు అప్పటికి తెలియదు. నేను జీవశాస్త్రం చెప్పడం మొదలుపెట్టాక దాని చరిత్ర వెతికి చదివాను. ఆ వెతుకులాటలోనే క్యారీ బక్ దొరికింది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పెల్లాగ్రా మంటలా వ్యాపించింది. నలభై ఏళ్లు కాకముందే దాదాపు 30 లక్షల మందికి వచ్చిందనీ, లక్ష మంది పోయారనీ అంచనా. పత్తి పొలాల కౌలు రైతులు, నూలు మిల్లుల కూలీలు, అనాథాశ్రమాల పిల్లలు, పిచ్చాసుపత్రుల రోగులు: పోయినవాళ్లు వీళ్లే. న్యూయార్క్ దగ్గర కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో 1910లో యూజెనిక్స్ రికార్డ్ ఆఫీస్ అని, కుటుంబాల వంశ వివరాలు పోగుచేసే ఒక సంస్థ వెలిసింది. చార్లెస్ డావెన్‌పోర్ట్ దాని పెద్ద. హార్వర్డ్‌లో చదివిన జీవశాస్త్రవేత్త. పెద్ద ధనవంతుల డబ్బు వెనక ఉంది. ఈయన పెల్లాగ్రా కుటుంబాల వంశవృక్షాలు గీయించి, ఆ జబ్బు ఎవరికి ఎంత తీవ్రంగా వస్తుందన్నది వంశం మీద ఆధారపడి ఉంటుందని 1916లో ప్రకటించాడు. మా ఊరి బావి దగ్గర మాటే. కాకపోతే వైద్య పత్రికలో అచ్చయింది.

ఆ ఆలోచన ఆయనతో పుట్టలేదు. ‘యోగ్యతముల సార్థక జీవనం’, అంటే బతుకు పోరులో తగినవే నిలుస్తాయని, నేను ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద రాశాను. అది డార్విన్ మాట కాదమ్మా, హెర్బర్ట్ స్పెన్సర్ 1864లో వాడిన మాట. డార్విన్ దాన్ని 1869లో తన పుస్తకం ఐదో ముద్రణలోకి తీసుకున్నాడు. ఎవరు ‘యోగ్యులు’ అన్నదాన్ని బతికి బట్టకట్టినవాళ్లే తేల్చుకునే వీలు ఆ మాటలో ఉంది. బలిసినవాడు బలిసింది ప్రకృతి తీర్పు వల్లనని, పేదవాడికి చేసే సాయం ప్రకృతికి అడ్డు తగలడమని చెప్పుకోవడానికి అది అక్కరకు వచ్చింది. డార్విన్‌కు బంధువైన ఫ్రాన్సిస్ గాల్టన్ 1883లో యూజెనిక్స్ అనే పేరు పెట్టాడు. మన పుస్తకాల్లో సుజనన శాస్త్రం అని రాస్తారు. మంచి విత్తనం దాచుకుని చెడ్డ విత్తనం ఏరేయాలన్న లెక్క. ఈ సంగతి నా విద్యార్థులకు చెప్పకుండానే ఆ పాఠం ముగించిన సంవత్సరాలు ఉన్నాయి. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

డావెన్‌పోర్ట్ పనివాళ్లు ఎలాంటివాళ్లో నీకు తెలియాలి. ఎక్కువమంది కాలేజీ చదువులు చదివిన అమ్మాయిలు. వేసవిలో శిక్షణ పొంది, నోటు పుస్తకాలు పట్టుకుని ఇళ్లకూ ఆశ్రమాలకూ వెళ్లేవారు. మగవాడికి చతురస్రం, ఆడదానికి వలయం. పక్కన అక్షరాలు: ‘ఎ’ అంటే తాగుబోతు, ‘ఎఫ్’ అంటే మందబుద్ధి, ‘ఐ’ అంటే మతిచెడినవాడు. మేలు చేస్తున్నామనే నమ్మి ఉంటారు. ఆ వలయం పక్కన, ఆ ఇంట్లో ఏం వండుకుంటున్నారో రాయడానికి మాత్రం చోటు లేదు.

ఆ సంగతి అడిగిన మనిషి జోసెఫ్ గోల్డ్‌బర్గర్. ఇప్పటి స్లొవేకియాలో, అప్పటి ఆస్ట్రియా-హంగరీలో ఒక యూదు కుటుంబంలో పుట్టి, చిన్నపిల్లాడిగా తల్లిదండ్రులతో న్యూయార్క్ చేరాడు. ప్రభుత్వ ఆరోగ్య శాఖలో వైద్యుడయ్యాడు. 1914లో ఆయన్ను దక్షిణాదికి పంపారు. ఆశ్రమాల్లో తిరిగినప్పుడు ఆయన గమనించింది ఒక్కటే: రోగులకు పెల్లాగ్రా వస్తోంది, వాళ్లను రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే నర్సులకు రావడం లేదు. చాలామంది అనుకున్నట్టు అది అంటువ్యాధి అయితే అలా ఎలా? తేడా కంచంలో ఉందని ఆయన అనుమానం. మిసిసిపీలోని జాక్సన్ అనాథాశ్రమాల్లో పిల్లలకు పాలు, గుడ్లు, మాంసం, చిక్కుళ్లు పెట్టించాడు. జబ్బు మాయమైంది. మరుసటి ఏడు ర్యాంకిన్ జైలు పొలంలో క్షమాభిక్ష హామీతో ఒప్పుకున్న ఖైదీలకు పేదల తిండే, మొక్కజొన్న పిండి ముఖ్యంగా, నెలల తరబడి పెడితే ఆరుగురికి పెల్లాగ్రా లక్షణాలు తేలాయి. ఖైదీలతో అలాంటి ప్రయోగం ఈనాడు ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. కానీ ఆయన తనను తాను కూడా మినహాయించుకోలేదు. 1916లో రోగుల రక్తం తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. వాళ్ల చర్మపు పొలుసులు, మలమూత్రాలు పిండితో కలిపి మింగాడు. భార్య మేరీ కూడా రోగి రక్తం ఎక్కించుకుంది. ఎవరికీ పెల్లాగ్రా రాలేదు.

అయినా చాలామంది నమ్మలేదు. రక్తంలో ఉందంటే ఎవరూ ఏమీ చేయక్కర్లేదు కదా. తిండిలో ఉందంటే కూలి పెంచాలి, కౌలు రైతుకు పెరటి కూర పండించుకునే జాగా వదలాలి. గోల్డ్‌బర్గర్ 1929లో క్యాన్సర్‌తో పోయాడు. లోపించిన పదార్థం నికోటినిక్ ఆమ్లమనే బి విటమిన్ అని 1937లో తేలింది. అది చూడటానికి ఆయన లేడు.

ఇప్పుడు నీ బోర్డు దగ్గరికి వస్తాను.

క్యారీ 1906లో మీ ఊళ్లోనే పుట్టింది. తల్లి ఎమ్మా పేదరాలు. ఆమెకు ‘మందబుద్ధి’ ముద్ర వేసి లించ్‌బర్గ్ దగ్గరి ఆశ్రమంలో పెట్టారు. క్యారీని పెంచుకుంటామని తీసుకున్న ఇంట్లో ఆమెతో చాకిరీ చేయించారు. ఆరో తరగతిలో బడి మాన్పించారు. పదిహేడేళ్ల వయసులో ఆ ఇంటావిడ బంధువు ఆమెను బలవంతం చేశాడు. గర్భం రాగానే, తమ పరువు దాచుకోవడానికి ఆ పిల్లకూ మందబుద్ధి అని రాయించి తల్లి ఉన్న చోటికే పంపారు. 1924 మార్చిలో వివియన్ పుట్టింది. అదే నెలలో వర్జీనియా ప్రభుత్వం, ఇలాంటివాళ్లకు వాళ్ల ఇష్టంతో పని లేకుండా పిల్లలు పుట్టని ఆపరేషన్ చేయవచ్చని చట్టం తెచ్చింది. చట్టం కోర్టులో నిలబడుతుందో లేదో చూసుకోవడానికి క్యారీని ఎంచుకున్నారు.

అక్కడికి కూడా కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ వచ్చింది అమ్ములూ. అదే ఆఫీసు. దాన్ని నడిపే హ్యారీ లాఫ్లిన్ క్యారీ ముఖం చూడకుండానే ఆమె వంశం ఎందుకూ కొరగాని తెగ అని సాక్ష్యం రాసి పంపాడు. ఎనిమిది నెలల పసిగుడ్డును చూపించి, ఈ పాపలో ఏదో తేడా ఉంది, అదేమిటో మాత్రం చెప్పలేనని ఒక సంఘ సేవకురాలు చెప్పింది. ఆ మాట మీద మూడో తరం లెక్క పూర్తయింది. క్యారీ తరఫున వాదించాల్సిన వకీలు ఆ ఆశ్రమం పాలకవర్గంలో ఒకప్పుడు ఉన్నవాడే. ఒక్క సాక్షిని పిలవలేదు. 1927 మే 2న సుప్రీం కోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు మరోవైపుగా తీర్పు చెప్పింది. ‘మూడు తరాల మందబుద్ధులు చాలు’ అని జస్టిస్ హోమ్స్ రాశాడు. అక్టోబరులో క్యారీకి ఆపరేషన్ అయిపోయింది. చెల్లెలు డోరిస్‌కు అపెండిక్స్ అని చెప్పి చేశారు. పిల్లలు ఎందుకు పుట్టలేదో ఆమెకు తెలిసేసరికి యాభై ఏళ్లు గడిచిపోయాయి.

ఆ పసిపాప వివియన్ బడికి వెళ్లింది. 1931లో బాగా చదివే పిల్లల జాబితాలో ఆమె పేరు ఉంది. మరుసటి ఏడు తట్టు పోసి, దానివెంట పేగు జబ్బు వచ్చి, ఎనిమిదేళ్లకే పోయింది. క్యారీ 1983 దాకా బతికింది. రోజూ వార్తాపత్రిక చదివేదట.

ఆ తీర్పు ఇచ్చిన ధైర్యంతో అమెరికాలో 60 వేల మందికి పైగా ఇలాంటి ఆపరేషన్లు జరిగాయి. 1933లో నాజీలు తెచ్చిన చట్టంలో లాఫ్లిన్ రాసిపెట్టిన నమూనా చట్టం జాడలున్నాయి. అక్కడ ఈ ఆపరేషన్లకు బలైనవాళ్లు దాదాపు నాలుగు లక్షలు, ఆ తర్వాత జరిగింది నీకు తెలుసు. విదేశీయుల రాకను కట్టడి చేసిన 1924 చట్టం కోసం అమెరికన్ కాంగ్రెస్ కమిటీకి నిపుణుడిగా కూర్చున్నదీ ఈ లాఫ్లినే. తూర్పు ఐరోపా యూదులకు తలుపు దాదాపు మూసేశారు. గోల్డ్‌బర్గర్ తల్లిదండ్రులు ఆ నాటికి బయలుదేరి ఉంటే వాళ్ల పిల్లాడు ఆ గడ్డ మీద కాలు పెట్టేవాడా? మన దేశంలోనూ కులాన్ని ఇదే శాస్త్రంతో సమర్థించినవాళ్లు ఉన్నారు. కులం చుట్టూ జీవశాస్త్రపు కందకం తవ్వుకున్నారని అంబేద్కర్ 1936లోనే వాళ్లకు జవాబు రాశారు.

అమ్మ సంగతి పూర్తి చేస్తాను. నాన్న ఆమెను హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. నేనూ వెంట ఉన్నాను. ఒక యువ డాక్టరు ఆమె కొంగు మెల్లగా తొలగించి మెడ చూశాడు. వంశంలో ఎవరికి ఉందని అడగలేదు. ‘ఇంట్లో ఏం వండుకుంటారమ్మా’ అన్నాడు. అమ్మ తల దించుకుంది. జొన్న గటక, మిరపకాయ తొక్కు. వానలు లేని ఏళ్లలో కాస్త పప్పు ఉడికితే అది మగవాళ్లకు, చిన్నపిల్లలకు. ఆడవాళ్లు చివర కూర్చునేవారు. అమ్మమ్మ, అమ్మ, అక్క తిన్నది ఒకే కుండలోంచి.

పెల్లాగ్రా జొన్న తినే పేదల్లో ఎందుకు వస్తోందో ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో డాక్టర్ గోపాలన్, శ్రీకాంతయ్యలు పరిశోధించారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం ఒక కారణమన్నారు. దాని మీద తర్వాత చర్చలు సాగాయి. జొన్నను తప్పు పట్టకు, పప్పూ పాలూ తోడుంటే అది బంగారం లాంటి తిండి. నికోటినిక్ ఆమ్లం మాత్రలు వేసుకున్న వారంలోపు అమ్మ నోటిపూత తగ్గింది. తర్వాత నన్ను పేరు పెట్టి పిలిచింది. నెల తిరిగేసరికి మెడ మీది పట్టీ పొలుసులుగా రాలి, కింద లేత చర్మం వచ్చింది. పొలం గట్టున కంది వేశాం, పల్లీలు వేశాం. అక్క చేతులు శుభ్రపడ్డాయి. రెండేళ్లకు వేరే ఊరి సంబంధం కుదిరింది.

నువ్వు చూసిన ఫొటో ఆ పెళ్లిలో తీసిందే, ఏప్రిల్ ఎండలో. అప్పటికి మెడ మీద మచ్చ లేదు. కొంగు మాత్రం ఆమె పోయేదాకా అలాగే కప్పుకుంది.

నువ్వు పని చేసేది వేలమంది జన్యు సమాచారం మీద. ఫలానా రోగం ఫలానా కుటుంబాల్లో ఉందని నీ కంప్యూటర్ చూపినప్పుడు, ఆ కుటుంబాల కూలి ఎంతో, కంచంలో ఏముందో తెలిపే గడి నీ పట్టికలో ఉందో లేదో చూడు. లేకపోతే మీ గురువుగారిని అడుగు. అడగడానికి మొహమాటపడకు.

ఓక్‌వుడ్ శ్మశానం మీ ఊళ్లోనే ఉంది. క్యారీ, వివియన్ ఇద్దరూ అక్కడే ఉన్నారు. వీలైన ఆదివారం వెళ్లి, ఇద్దరికీ చెరో పువ్వు పెట్టి రా. పాప రాయి ఫొటో తీసి పంపు. ఇంకో మాట: ఈ ఉత్తరం పెద్దత్తకు ఫోనులో చదివి వినిపించాను. తన పెళ్లి చెడిన సంగతి కూడా రాయమని ఆమే చెప్పింది.

వేళకు తిను.

మీ నాన్న